ఉగాది కాయ నుంచి లెక్క మొదలుపెట్టండి: పళ్లతోటలో తెగులు మందు ఎలా విరుగుతుంది, ఎన్నాళ్లు ఆగాలి

మా తోట విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో ఉంది. రెండున్నర ఎకరాలు. సువర్ణరేఖ మామిడి ఎక్కువ, తర్వాత బంగినపల్లి, ఆవకాయకి పనికొచ్చే కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి చెట్లు ఆరు, గట్టు పొడవునా జామ. జూనియర్ కాలేజీలో 27 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక, మధురవాడ ఇంటి నుంచి వారానికి నాలుగు రోజులు తోటకి వెళ్లి వస్తున్నాను. రియాక్షన్లు నల్లబల్ల మీద రాసినప్పుడు అర్థమైనదాని కంటే, చెట్టు కింద నిలబడి చూశాక అర్థమైనది ఎక్కువ. అదే ఇక్కడ రాస్తున్నాను.

తోట నా చేతికి వచ్చిన మొదటి ఏడాది మార్చిలో పిందెల మీద నల్ల మచ్చలు కనిపించాయి. మందుల షాపులో కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి ఇచ్చారు. కోతకి ఎన్నాళ్లు ఆగాలని అడిగితే, "పది రోజులైతే ఏమీ ఉండదమ్మా" అన్నారు. కోత ఎలాగూ నెలన్నర ఉంది కదా అని ధైర్యంగా కొట్టించాను. తొమ్మిదో రోజు ఉగాది. పొద్దున్నే తోట నుంచి కాయలు తెప్పించి, నాలుగిళ్లకి పంచి, పచ్చడికి తొక్కతో సహా తరుగుతుంటే అప్పుడు గుర్తొచ్చింది. కోత నెలన్నర తర్వాతే, నిజమే. కానీ ఆ కాయని నేను ఈ రోజే మా ఇంట్లో వాళ్ల నోట్లో పెట్టబోతున్నాను. నాలుగిళ్లకీ ఫోన్ చేసి వాడొద్దని చెప్పాను. ఆ పూట పచ్చడికి బజారు నుంచి కాయ తెచ్చుకున్నాం, దాని మీద ఏముందో అదీ తెలియదు.

ఆ రోజు నుంచి నా లెక్క మారింది. మందు కొట్టిన రోజు నుంచి కోత రోజు దాకా కాదు, మొదటి కాయ ఎవరి నోట్లోకైనా వెళ్లే రోజు దాకా లెక్కపెట్టాలి. మన దగ్గర మామిడికాయని పండేదాకా ఎవరూ ఆగరు. ఉగాది పచ్చడికి కోస్తాం, పప్పులోకి కోస్తాం, గాలివానకి రాలిన కాయని పిల్లలు ఉప్పూ కారం అద్దుకుని తింటారు. ఇవన్నీ తొక్కతోనే. తర్వాత ఆవకాయ, అదీ తొక్కతోనే. అవశేషం, అంటే మిగిలిపోయిన మందు, ఎక్కువగా ఉండేది ఆ తొక్కలోనే.

మందు ఎలా పోతుంది

మా తోట కాపలా చూసే తాత ఒకసారి అడిగాడు, "మరేటమ్మా, వాన పడితే మందు పోయినట్టే కదేటి?" చాలామంది అనుకునేది ఇదే. వాన మందుని చంపదు. ఆకు మీద నుంచి దించి నేలకి అప్పగిస్తుంది, అంతే. పోవడం అంటే ఆ అణువు విరిగి వేరే పదార్థం కావాలి. విరిచేవి ముఖ్యంగా నాలుగు: ఎండ, నీరు, చెట్టు ఒంట్లోని ఎంజైములు, నేలలోని సూక్ష్మజీవులు. ఏ మందుని ఏది విరుస్తుందో తెలిస్తే ఎన్నాళ్లు ఆగాలో సగం తెలిసినట్టే.

ఎండ సంగతి చెప్పడానికి స్ట్రోబిలురిన్లు అనే తెగులు మందుల కంటే మంచి ఉదాహరణ లేదు. 1977లో జర్మనీ శాస్త్రవేత్తలు పైన్ కాయల మీద మొలిచే చిన్న పుట్టగొడుగు నుంచి ఒక పదార్థం తీశారు. ఇతర బూజుల్ని అది అద్భుతంగా అణిచేది. కానీ ఎండలో పెడితే నిలిచేది కాదు, పొలంలో పనికొచ్చేలోపే విరిగిపోయేది. దాని నిర్మాణాన్ని మార్చి, ఎండకి తట్టుకునేలా చేసి, 1996లో అజాక్సీస్ట్రోబిన్ లాంటి మందులుగా మార్కెట్లోకి తెచ్చారు. అంటే మనం కొనే మందు చాలాసార్లు త్వరగా విరగకుండా ఉండేలా తయారు చేసిందే. తప్పనను, ఆకు మీద రెండు రోజులు కూడా ఉండని మందు రైతుకి ఎందుకు? కానీ "ఎండకి అదే పోతుందిలే" అని ఎప్పుడూ అనుకోకూడదు. పైగా గుబురుగా ఉన్న చెట్టు లోపలి కొమ్మలకి ఎండే తగలదు. ఒకే చెట్టుకి పైకొమ్మ కాయ మీద మందు త్వరగా తగ్గుతుంది, లోపలి కాయ మీద నిదానంగా తగ్గుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా మామగారి కాలం చెట్లు 19 పడిపోయాయి. ఆ దుఃఖం ఇంకా ఉంది. మిగిలిన చెట్లకి మాత్రం చుట్టూ వెలుతురు దొరికింది, బూడిద తెగులు తగ్గింది. అందుకే కోత అయిన వెంటనే, జూన్, జులైల్లో లోపలి కొమ్మలు తీయించడం అప్పటి నుంచి మానలేదు. వెలుతురు తెగులునీ తగ్గిస్తుంది, మందునీ విరుస్తుంది.

నీటితో విరిగే వాటిలో కాప్టాన్ చూడండి. తటస్థంగా ఉన్న నీటిలో కొన్ని గంటల్లో సగమవుతుంది. క్షారం ఎక్కువైన నీటిలో నిమిషాల్లోనే. మీ బోరు నీళ్లు సబ్బుకి నురగ రానంత కఠినంగా ఉంటే ఓ పీహెచ్ కాగితం ముంచి చూడండి. 8 దాటితే ఆ నీళ్లలో కలిపిన కాప్టాన్ చెట్టుకి చేరేలోపే సగం పాడవుతుంది. "పని చెయ్యలేదు" అని రెండోసారి కొడతారు, ఖర్చు రెండింతలు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమంతో గానీ, ఉత్త సున్నంతో గానీ దాన్ని కలపకూడదనేది కూడా ఇందుకే.

మాంకోజెబ్ కూడా నీటిలో ఒక రోజులోనే సగమవుతుంది. ఆకు పైనే ఉంటుంది, లోపలికి పోదు, వానకి కడుగుతుంది. వినడానికి మంచిదానిలా ఉంది కదా. కానీ విరిగినప్పుడు ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం పుడుతుంది. థైరాయిడ్‌ని దెబ్బతీసేది అదే. అందుకే విరిగింది అంటే ప్రమాదం పోయిందని అర్థం కాదు, విరిగి ఏమైంది అని కూడా అడగాలి. ఈ మందుని వేడి చేస్తే ఆ పదార్థం ఇంకా ఎక్కువ తయారవుతుంది. కాబట్టి రాత్రి కలిపి మిగిలిన మాంకోజెబ్ నీళ్లని మర్నాడు కొట్టొద్దు. తొక్కతో ఉడికించే మామిడికాయ పప్పుకైతే కాయని ఉడకబెట్టే ముందే బాగా కడగాలి, ఉడికితే పోతుందనుకోకూడదు. యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబరులో మాంకోజెబ్‌కి అనుమతి పొడిగించలేదు.

కార్బెండజిమ్ కథ వేరు. ఇది ఆకు లోపలికి, కాయ లోపలికి వెళ్తుంది, కడిగితే రాదు. పుల్లని నీటిలో చాలా స్థిరంగా ఉంటుంది, అందుచేత ఆవకాయ ఊటలో అదే పోతుందని ఆశపడొద్దు. ఇంకో చిక్కు ఉంది. థయోఫనేట్ మిథైల్ అని వేరే పేరుతో అమ్మేది, మన దేశంలో 2018లో నిషేధించిన బెనోమిల్ కూడా చెట్టులో విరిగి కార్బెండజిమ్‌గానే మారతాయి. షాపులో "ఇది వేరే మందు" అని ఇచ్చినా, కాయలో మిగిలేది అదే. హెక్సాకొనజోల్, టెబుకొనజోల్, ప్రోపికొనజోల్ లాంటి "కొనజోల్" మందులు కూడా లోపలికి వెళ్లేవే. కాయలో వారాల లెక్కన తగ్గుతాయి, నేలలో నెలల తరబడి ఉంటాయి.

గంధకానికి మాత్రం నాకు గౌరవం. నీటిలో కలిసే గంధకపు పొడి లీటరుకి 3 గ్రాములు బూడిద తెగులుకి సరిపోతుంది. మిగిలింది నేలకి దిగితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని సల్ఫేటుగా మారుస్తుంది, అది చెట్టుకి ఆహారమే. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం కొట్టొద్దు, పూతని మాడుస్తుంది. అందుకే సంక్రాంతి రోజుల్లో పూత మీద మా మొదటి మందు ఎప్పుడూ గంధకమే. సరిపోతే రెండోది అసలు ఉండదు.

చింతపిక్కల లెక్క

పది రోజులకి పోతుంది, పదిహేను రోజులకి పోతుంది అనే మాటే సరైనది కాదు. మందు రోజుకింత చొప్పున తగ్గి ఒకనాడు సున్నా అయిపోదు. సగమవుతుంది, ఆ సగంలో మళ్లీ సగమవుతుంది. తాతకి దీన్ని చింతపిక్కలతో చూపించాను. 64 పిక్కలు కుప్ప పోసి, ఒక్కో సగానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పి, సగం తీసేయమన్నాను. 32, 16, 8, 4, 2, 1. ఆరు సార్లు తీశాక కూడా ఒక పిక్క మిగిలింది. మందు 3 రోజులకి సగమయ్యేదైతే ఈ పనికి 18 రోజులు. 8 రోజులకి సగమయ్యేదైతే 48 రోజులు. మొదట 128 పిక్కలతో మొదలుపెడితే, అంటే డోసు రెండింతలు కొడితే, ఇంకోసారి సగమయ్యేంత కాలం అదనంగా ఆగాలి. "ఎందుకైనా మంచిదని కాస్త ఎక్కువ కలిపాం" అనేవాళ్లకి ఈ పిక్కలు చూపించండి.

ఎంత మిగిలితే ఫరవాలేదు? ప్రతి మందుకీ ప్రతి పంటకీ ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఏ పరిమితీ ప్రత్యేకంగా పెట్టని చోట యూరప్ వాళ్లు వాడే అంకె కిలోకి 0.01 మిల్లీగ్రాము. లారీకి పది టన్నుల చొప్పున పది లారీల కాయ తీసుకుంటే, అంతటిలో కలిపి ఒక్క గ్రాము. ఇంత చిన్నదాన్ని కంటితో, వాసనతో, రుచితో పట్టుకోలేం. కాయ మీద తెల్ల మరకలు లేవు కాబట్టి మందు లేదు అనుకోవడం వట్టి భ్రమ.

కాయ పెరుగుదల కూడా లెక్కలోకి వస్తుంది. శివరాత్రి నాటికి గోలీ అంత పిందె మీద పడ్డ మందు, ఆ పిందె 300 గ్రాముల కాయ అయ్యేసరికి ఏమీ విరగకపోయినా కిలోకి లెక్కలో ఎన్నో రెట్లు పలచబడుతుంది. టెంక గట్టిపడ్డాక కాయ పెరగడం మందగిస్తుంది. ఆ తర్వాత కొట్టిన మందుకి పలచబడే అవకాశమే ఉండదు, పూర్తిగా విరగడం మీదే ఆధారపడాలి. అందుకే ఒకే మందు, ఒకే డోసు ఫిబ్రవరిలో కొడితే ఒక లెక్క, ఏప్రిల్‌లో కొడితే వేరే లెక్క. టెంక గట్టిపడ్డాక మా తోటలో లోపలికి వెళ్లే మందు ఏదీ కొట్టించను. మచ్చ తెగులు భయం ఉంటే గుడ్డంత సైజులో ఉన్నప్పుడు కాయకి కాగితపు కవరు కట్టిస్తాను. కూలీ అవుతుంది. అయినా కవరు కట్టిన కాయకి మందు అవసరం ఉండదు, రంగు కూడా బాగా వస్తుంది. అన్ని చెట్లకీ కట్టలేను, ఆవకాయ చెట్లు ఆరింటికీ, కొన్ని సువర్ణరేఖలకీ మాత్రం కట్టిస్తాను. కోశాక మచ్చ తెగులు రాకుండా 52 డిగ్రీల వేడి నీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచడం కూడా పని చేస్తుంది. థర్మామీటరు లేకుండా మాత్రం చెయ్యొద్దు, నాలుగు డిగ్రీలు ఎక్కువైతే తొక్క కమిలిపోతుంది.

నోటు పుస్తకం, ఎర్ర పీలిక

ఇప్పుడు పద్ధతి. మందు డబ్బా లేదా ప్యాకెట్‌తో మడతపెట్టిన కాగితం ఒకటి వస్తుంది. మన చేతిలో మొదట చిరిగేది, మొదట పారేసేది అదే. దాన్ని విప్పి చూడండి. పంట, తెగులు, డోసు, ఎన్ని నీళ్లు, కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలి అనేవి వరసగా పట్టికలో ఉంటాయి. ఆ పట్టికలో మీ పంట పేరు లేకపోతే ఆ మందు మీ పంటకి అనుమతి ఉన్నది కాదు, దానికి ఆగాల్సిన రోజులు కూడా ఎవరూ నిర్ణయించలేదు. అలాంటిది షాపులోనే తిరిగి ఇచ్చేయండి. అనుమానం ఉంటే రైతు సేవా కేంద్రంలో ఆ కాగితం చూపించి అడగండి, డబ్బా పేరు చెప్పి కాదు. కంపెనీ పేర్లు వంద ఉంటాయి, లోపలి రసాయనం ఒకటే.

నేను పుస్తకంలో రాసేవి: తేదీ, ఏ వరస చెట్లు, రసాయనం పేరు, లీటరుకి ఎంత, ఎందుకు కొట్టాం, తర్వాత మూడు రోజులు వాన పడిందా లేదా. చివరి గడిలో "మొదటి నోరు" అని ఒక తేదీ. కాగితంలో చెప్పిన రోజులు పూర్తయ్యాకే ఆ తేదీ వస్తుంది. వాన పడిందని ఆగే రోజులు తగ్గించను, మబ్బులు పట్టి ఎండ లేకపోతే ఇంకో వారం పొడిగిస్తాను. ఆ రోజులు చట్టం చెప్పిన కనీసం మాత్రమే, అంతకంటే ఆగడం మన ఇష్టం.

పుస్తకం షెడ్డులో ఉంటుంది, కాయ కోసేవాళ్లు పుస్తకం చూడరు. అందుకే మందు కొట్టిన ప్రతి చెట్టుకీ కింది కొమ్మకి ఎర్ర గుడ్డ పీలిక కట్టిస్తాను. పీలిక ఉన్న చెట్టు కాయ ముట్టుకోకూడదు, రాలింది కూడా ఏరకూడదు, తొక్కలు ఆవుకి వెయ్యకూడదు. తేదీ వచ్చిన రోజు పుస్తకం చూసి పీలిక విప్పుతాను. ఊళ్లో పిల్లలకి కూడా ఇది తెలిసిపోయింది. ఉగాదికి ఇచ్చే కాయల కోసం రెండు చెట్లని ప్రతి ఏడాదీ మందు లేకుండానే వదిలేస్తున్నాను. వాటికి మచ్చ వస్తే వస్తుంది. మచ్చ ఉన్న ముక్క కోసి పారేస్తే పచ్చడికి ఏమీ కాదు. కోత మాత్రం మాకు సాధారణంగా సింహాచలం చందనోత్సవం చుట్టుపక్కల రోజుల్లో మొదలవుతుంది. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఆఖరి మందు ఎప్పుడో జనవరిలోనే పుస్తకంలో రాసుకుంటాను. టెన్షన్‌లో తీసుకున్న నిర్ణయం కంటే అది చాలా మేలు.

తోట లేనివాళ్లు అడిగేది ఒకటే, కడిగితే పోతుందా? కొంత పోతుంది. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు ఆపిల్ మీద థయాబెండజోల్ అనే తెగులు మందు, ఇంకో పురుగు మందు పూసి చూశారు. లీటరు నీటికి 10 గ్రాముల వంట సోడా, అంటే సుమారు రెండు టీస్పూన్లు వేసి 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే, తెగులు మందు 80 శాతం దాకా పోయింది. మిగిలిన 20 శాతం తొక్క లోపలికి దిగిపోయింది, దాన్ని ఏ కడుగుడూ తీయలేకపోయింది. పూర్ణా మార్కెట్లోనైనా రైతు బజార్లోనైనా కొన్న మెరిసే ఆపిల్‌కి, జామకి నేను ఇదే చేస్తాను, తర్వాత మంచి నీళ్లతో కడుగుతాను. మామిడికి ముచ్చిక దగ్గర గుంటలో మందు నీళ్లు నిలిచి ఎండుతాయి, అక్కడ వేలితో రుద్ది కడగాలి. ఆవకాయకి ఎలాగూ కాయలు కడిగి తుడిచి ఆరబెడతాం కదా, ఆ కడిగేది గబగబా కాకుండా పావుగంట నానబెట్టి చేస్తే చాలు.

కమలా తొక్కలు ఎండబెట్టి సున్నిపిండిలో కలిపే అలవాటు మా ఇంట్లో కూడా ఉంది. విదేశాల నుంచి షిప్పుల్లో వచ్చే నారింజ జాతి పళ్లకి దారిలో కుళ్లకుండా కోశాక ఇమజాలిల్, థయాబెండజోల్ పట్టించడం మామూలు, అది తొక్కలోనే ఎక్కువగా ఉంటుంది. ఆ తొక్కలు పసిపిల్లల ఒంటికి వాడొద్దు.

నేల సంగతి

కాయ మీద నుంచి, ఆకు మీద నుంచి చివరికి అన్నీ నేలకే చేరతాయి. అక్కడ పని చేసేవి సూక్ష్మజీవులు. వాటికి తేమ కావాలి, గాలి కావాలి, తినడానికి కుళ్లిన ఆకూ అలమూ కావాలి. మార్చి నుంచి మే దాకా మన ఎర్ర నేల ఎండి ఇటుకలా ఉన్నప్పుడు అవి దాదాపు నిద్రలో ఉంటాయి. సరిగ్గా ఆ నెలల్లోనే మనం మందు కొడతాం. కార్బెండజిమ్ విషయంలో ఈ తేడా చాలా స్పష్టం: గడ్డి కప్పిన నేలలో 3 నుంచి 6 నెలలకి సగమైతే, బట్టబయలు నేలలో 6 నుంచి 12 నెలలు పడుతుంది. గాలి ఆడే నీటిలో 2 నెలలకి సగమైతే, గాలి ఆడని నీటిలో 25 నెలలు. కాబట్టి చెట్ల కింద నున్నగా చెక్కించి "శుభ్రంగా" ఉంచడం ఆపేశాను. గడ్డి కోసి అక్కడే పరుస్తాను, పాదుల్లో పశువుల ఎరువు వేస్తాను, వేసవిలో మందు కొట్టిన వారానికి పాదు తడుపుతాను. వానాకాలంలో నీరు నిలిచే చోట కాలువ తీయించాను. తెగులు బూజుల్ని అణచడానికి ట్రైకోడెర్మా వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అది కూడా బూజు జాతే, కార్బెండజిమ్ దాన్నీ చంపుతుంది. రెండూ ఒకే వారంలో వాడితే ట్రైకోడెర్మాకి పెట్టిన డబ్బు వృథా.

ఒకే మందుని ఏళ్ల తరబడి వాడితే నేలలోని బ్యాక్టీరియా దాన్నే తిండిగా అలవాటు చేసుకుని ఇంకా వేగంగా విరిచేస్తుంది. మెటలాక్సిల్‌కి, కార్బెండజిమ్‌కి ఇలా జరుగుతుంది. అవశేషం సంగతిలో ఇది మంచిదే. కానీ వేరు కుళ్లుకి నేలలో పోసిన మందు పని చేసేలోపే పోతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎప్పుడో ఒకప్పుడు విరిగేవి. రాగి విరగదు. అది మూలకం, ఇంకా చిన్నదిగా విరగడానికి ఏమీ లేదు. 1885లో ఫ్రాన్సులో మిలార్డే ద్రాక్ష కోసం ప్రకటించిన బోర్డో మిశ్రమం, మన మైలుతుత్తం, సున్నం కలిపినదే, ఇప్పటికీ మంచి మందే. ఒక శాతం మిశ్రమానికి మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 100 లీటర్లు, ప్లాస్టిక్ పీపాలోనే. తయారయ్యాక ఇనప చాకు ముంచి చూడాలి, దాని మీద ఎర్రగా రాగి పూత పడితే ఇంకాస్త సున్నం కలపాలి. ఇదంతా మనవాళ్లకి తెలిసిందే. తెలియనిది దీని వెనక ఉన్న లెక్క.

మైలుతుత్తంలో పావు వంతు రాగి. ఎకరానికి 40 చెట్లు, చెట్టుకి 10 లీటర్లు అనుకుంటే 400 లీటర్లు, అంటే 4 కిలోల మైలుతుత్తం, అందులో కిలో రాగి. ఏడాదికి మూడుసార్లు కొడితే 3 కిలోలు. యూరోపియన్ యూనియన్ 2019 నుంచి పెట్టిన హద్దు ఏడేళ్లకి హెక్టారుకి 28 కిలోలు, అంటే సగటున ఏడాదికి ఎకరానికి 1.6 కిలోలు. మనం దాదాపు రెండింతలు. పై అరడుగు మట్టి ఎకరానికి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది, అందులో ఏడాదికి 3 కిలోలంటే కిలో మట్టికి 3 మిల్లీగ్రాములకి పైనే చేరుతుంది. 20 ఏళ్లకి అరవై దాటుతుంది. మామూలు నేలల్లో మొత్తం రాగి కిలోకి 20, 30 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అది పై మట్టిలోని సేంద్రియంతో పట్టుకుని కూర్చుంటుంది, కిందికి దిగిపోదు. వానపాములు ఉండేది అక్కడే.

మట్టి పరీక్ష కార్డులో రాగి వరస ఉంటుంది. దాని పక్కన "సరిపడా ఉంది" అని రాసి ఉంటే సంతోషపడొద్దు. ఆ మాట లోటు ఉందా లేదా అనే దానికే, ఎక్కువైందా అనే దానికి కాదు. లోటు హద్దు కిలోకి 0.2 మిల్లీగ్రాములు, దానికి పైన ఎంత ఉన్నా "సరిపడా" అనే వస్తుంది. మాట వదిలేసి అంకె చూడండి, మూడేళ్ల కిందటి కార్డులోని అంకెతో పోల్చండి. నేను ఇంకో పని కూడా చేస్తాను. జులైలో వానలు పడ్డాక చెట్టు పాదు అంచున అడుగు పొడవు, అడుగు వెడల్పు, అరడుగు లోతు తవ్వి వానపాములు లెక్కపెడతాను. మందు పడని గట్టు దగ్గర ఇంకోటి తవ్వి పోలుస్తాను. మా దగ్గర మొదటిసారి గట్టు దగ్గర 11, పాత బోర్డో చెట్ల కింద 2. అప్పటి నుంచి రాగిని ఏడాదికి ఒక్కసారికి తగ్గించాను. అదీ కోత అయ్యాక, కొమ్మలు కత్తిరించిన గాయాలకి పేస్టుగా బ్రష్‌తో. ఇప్పటికే చేరిన రాగిని తీసే మార్గం రైతు చేతిలో లేదు. నేల పులుపుగా ఉంటే రాగి దెబ్బ ఎక్కువ కాబట్టి పీహెచ్ చూసి సున్నం వెయ్యడం, పశువుల ఎరువు ఎక్కువ వెయ్యడం మాత్రం చేతిలో ఉన్నాయి.

స్ప్రేయరు కడిగిన నీళ్లు

తోటలో అన్నిటికంటే చిక్కగా మందు పడే చోటు చెట్టు కింద కాదు, స్ప్రేయరు కడిగే బోరు గట్టు. ఏళ్ల తరబడి అక్కడే పోస్తాం, అక్కడి నుంచే తాగే నీళ్లు పట్టుకుంటాం. ముందు మిగలకుండా చూసుకోండి. ఉత్త నీళ్లతో ఐదు చెట్లు తడిపి ఎన్ని లీటర్లు పట్టిందో కొలిస్తే మొత్తం ఎంత కలపాలో తెలుస్తుంది. అయిపోయాక డబ్బానీ ట్యాంకునీ మూడుసార్లు కడిగి, ఆ నీళ్లని అదే చెట్ల మీద కొట్టేయండి.

చేతులు, పైపులు, బకెట్లు కడిగిన చివరి నీళ్లకి ఒక గుంట ఉంది. స్వీడన్ రైతులు 1990ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. బోరుకి దూరంగా, మెరక మీద, రెండడుగుల లోతు గుంట తవ్వాలి. అడుగున నాలుగంగుళాలు చెరువు బంకమట్టి దిమ్మిసతో కొట్టి గట్టి పరచాలి, నీరు కిందికి దిగకుండా. పైన రెండు పాళ్లు తరిగిన వరిగడ్డి, ఒక పాలు తోట మట్టి, ఒక పాలు మాగిన కంపోస్టు కలిపి నింపాలి. వాళ్లు కంపోస్టు బదులు పీట్ (బురద నేలల్లో సగం కుళ్లిన నాచు) వాడతారు, మనకి కంపోస్టు సరిపోతుంది. గడ్డిని కుళ్లబెట్టే బూజులు ఏ ఎంజైములతో గడ్డిలోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విరుస్తాయో, వాటితోనే మందు అణువుల్నీ విరుస్తాయి. పైన గడ్డి నాటి, వానకి నిండిపోకుండా రేకు కప్పు వేయాలి. ఎండాకాలంలో అప్పుడప్పుడు తడపాలి, ఏడాదికోసారి కుంగిన మేర గడ్డి కంపోస్టు కలిపి పైన నింపాలి. మాది నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. మూడేళ్లయింది, దుర్వాసన లేదు.

రాగి కలిపిన బకెట్ల నీళ్లు మాత్రం ఈ గుంటలో పోయొద్దు. అక్కడ విరగదు, పేరుకుపోయి గుంటలోని బూజుల్నే చంపుతుంది. ఆ నీళ్లని మర్నాడు పేస్టు కలపడానికి వాడుకోవాలి, అందుకే మా షెడ్డులో దానికి మూతున్న నీలం పీపా ఒకటి వేరేగా పెట్టాం.